రెండు ఇంటూలు, ఒక గీత

ఆమెను లాండ్రీ పెరట్లో, బొగ్గు కుప్ప పక్కన, అందరూ చూస్తుండగా నిలబెట్టి సోదా చేశారు. యజమాని భార్య పట్టు శాలువా ఒకటి కనిపించకుండా పోయింది. చివరిసారి దాన్ని ఇస్త్రీ చేసింది ఈమే గనక తీసింది కూడా ఈమే అయ్యుండాలని మేస్త్రీ తేల్చాడు. ఆయన ఏది తేల్చినా అలాగే ఉండేది; పైవాళ్ళ దగ్గర మొదలై కిందివాళ్ళ మీద పడి ఆగేది. భోజనం డబ్బా మూత తీసి, కూరలో గరిటె పెట్టి మరీ తిప్పి చూశారు. అంత శాలువా అంత కూరలో ఎలా దాగుతుందని అక్కడ ఎవరికీ తోచలేదు. జుట్టు ముడి విప్పించారు. చెప్పులు విడిపించి దులిపించారు. తోటి పనివాళ్ళు వరసగా నిలబడి నేల చూపులు చూశారు. బడి నుంచి తిన్నగా తల్లి దగ్గరికి వచ్చిన కొడుకు ఒక్కడే నేల చూడలేదు. గేటు ఊచలు పట్టుకుని అంతా చూశాడు.

శాలువా ఆ వారంలోనే దొరికింది. బట్టలు తిప్పే పెద్ద పీపా వెనక, బెల్టు సందులో ఇరుక్కుని పీచు పీచై ఉంది. యజమాని ఇంటి గుడ్డకు గుర్తు ఎందుకని ఎవరూ దాని మీద ఏ గుర్తూ కుట్టలేదు. ఎవరిదో తెలియని గుడ్డ కాబట్టి అక్కడ పడి ఉన్నా ఎవరూ పట్టించుకోలేదు. 'దొరికిందిలే' అన్నాడు మేస్త్రీ, ఆమె వైపు చూడకుండా. అదే క్షమాపణ అనుకోవాలి కాబోలు. అంతకు మించిన మాట ఆ ఆఫీసులో ఎవరికీ నోరు తిరిగేది కాదు.

ఆ రోజు తల్లీ కొడుకులు చెరొక పాఠం నేర్చుకున్నారు. లోకంలో దొంగల పట్టిక తలకిందులుగా రాసి ఉందని, దాన్ని తిరగరాయాలని కొడుకు నేర్చుకున్నాడు. గుర్తు లేని గుడ్డ మనిషిని దొంగను చేస్తుందని తల్లి నేర్చుకుంది.

ఆ లాండ్రీలో సగం ఊరి బట్టలు ఉడికేవి. ఆస్పత్రి దుప్పట్లు, కోర్టు వాళ్ళ నల్ల కోట్లు, హోటలు బల్లగుడ్డలు, పోలీసుల యూనిఫాంలు. మరిగే నీళ్ళలో సిరా నిలవదు కాబట్టి ప్రతి బట్టకూ లోపలివైపు, కాలర్ కిందో నడుము పట్టీలోనో, ఎర్ర దారంతో ఆ ఇంటి గుర్తు కుట్టేవారు. ఒక ఇంటికి మూడు చుక్కలు, ఒక ఇంటికి నిచ్చెన, ఒక ఇంటికి ఇంటూ. ఏ గుర్తు ఏ ఇంటిదో ఆడవాళ్ళకు నోటికి వచ్చు. మేస్త్రీకి ఒక్కటీ రాదు. రావాలంటే మాసిన బట్ట ముట్టుకోవాలి. అది ముట్టుకోకుండా బతకడానికే ఆయన మేస్త్రీ అయ్యాడు. గుర్తు ఊడిపోయిన బట్టలు మూలనున్న ఒక అరలో పడి ఉండేవి. దానికి 'దిక్కులేని అర' అని పేరు. ఇంటివాళ్ళు ఎవరో వచ్చి 'ఇది మాదే' అనేదాకా అవి అక్కడే ఉండాలి.

పనివాళ్ళు కూడా శనివారం సాయంత్రం మిగిలిన వేడినీళ్ళలో సొంత బట్టలు ఉతుక్కునేవారు. కాబట్టి వాళ్ళ ఇళ్ళకూ గుర్తులున్నాయి. ఆమెది రెండు ఇంటూలు, కింద ఒక గీత.

శాలువా గొడవ తర్వాత ఆమె చేతికి సూది అంటుకుపోయింది. దిండు గలీబుకు గుర్తు, మసిగుడ్డకు గుర్తు, గొడుగుకు గుర్తు, కొడుకు పుస్తకాల సంచికి లోపల ఒకటి, బయట ఒకటి. ఒట్టి గుర్తు కాదు, లాగితే గుడ్డ చిరగాలే గాని దారం రాకూడదు. లాండ్రీలో ఆమెకు 'గుర్తులమ్మ' అని పేరు పడిపోయింది. ఆమె సూదిలో దారం ఎక్కిస్తుంటే పక్కింటి పిల్లి లేచి గోడ దూకేదని గంజి పిన్ని అందరికీ చెప్పేది. గంజి పిన్ని అంటే గంజి తొట్టి దగ్గర పనిచేసే ముసలామె. ఆమె చేతులు ఎప్పుడూ తెల్లగా, మాటలు ఎప్పుడూ బిరుసుగా ఉండేవి.

"మీ ఆయనకి కూడా ఒకటి కుట్టి ఉండాల్సింది అమ్మాయ్" అనేది గంజి పిన్ని. ఆయన లారీ మీద సరుకు తేవడానికని వెళ్ళి సరుకుతో పాటే ఎటో వెళ్ళిపోయి చాలా ఏళ్ళయింది.

"కుట్టేదాన్నే పిన్నీ, ఒక్క చోట కుదురుగా కూర్చుంటేగా" అనేది గుర్తులమ్మ.

కొడుకు పెద్దవాడై ప్రెస్సులో అక్షరాలు పేర్చే పనిలో చేరాడు. పేర్చినవన్నీ చదివాడు. చదివినవన్నీ నమ్మకుండా, నమ్మినవి మాత్రం వదలకుండా, చివరికి ఒక సంఘంలో తేలాడు. అది రహస్య సంఘం. ఎంత రహస్యమంటే వాళ్ళు ఒకరినొకరు అసలు పేర్లతో పిలుచుకోరు. ఒకడు కళ్ళద్దాలు, ఒకడు గడ్డం, మూడోవాడు ఎప్పుడూ మాట్లాడడు గనక వాడిని పిలవాల్సిన పనే పడలేదు. సైకిల్ షాపు పైన తల్లీ కొడుకులు ఉండే ఒంటి గదిలోనే వాళ్ళ సమావేశాలు.

మొదటి సమావేశానికి తలుపులు, కిటికీ మూసి వాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడుకుంటుండగా గుర్తులమ్మ పని నుంచి వచ్చింది. గుమ్మంలోనే ముక్కు మూసుకుంది.

"అమ్మా, ఇది రహస్య సమావేశం" అన్నాడు కొడుకు.

"రహస్యమే నాయనా, కంపు మాత్రం వీధి చివరిదాకా వస్తోంది. ఎన్నాళ్ళైంది ఈ చొక్కాలు నీళ్ళు చూసి? విప్పండి."

కళ్ళద్దాలు గౌరవంగా లేచి నిలబడ్డాడు. "అమ్మా, మేము ఈ కుళ్ళిన సమాజాన్ని సమూలంగా కడిగి పారేయాలని..."

"కడుగుదువులే బాబూ. ముందు నన్ను ఈ కాలర్ కడగనీ."

విప్లవకారులు నలుగురూ బనియన్లతో చాప మీద కూర్చుని లోకం మారే పద్ధతి గురించి చర్చించారు. గడ్డానికి బనియన్ కూడా లేదు. ఆయన దుప్పటి కప్పుకుని అధ్యక్షత వహించాడు. చొక్కాలు కిటికీ తీగ మీద ఆరాయి. ఆరిన చొక్కాలను ఆమె ఇస్త్రీ చేసి, అలవాటు చొప్పున, కాలర్ లోపల రెండు ఇంటూలు, ఒక గీత కుట్టి ఇచ్చింది. తన ఇంట్లో ఉతికినది తన ఇంటి గుర్తు లేకుండా గడప దాటకూడదు. అలా వాళ్ళ రహస్య సంఘానికి సభ్యత్వపు బిళ్ళ ఒకటి తయారైంది. ఆ సంగతి సభ్యులకు తప్ప... అసలు సభ్యులకే తెలియదు. సొంత కాలర్ లోపల ఏముందో ఎవడు చూసుకుంటాడు?

తర్వాత జెండా వచ్చింది.

పరుపు కింద దాచిన ఆ ఎర్రగుడ్డ ఆమెకు ఒక ఆదివారం దులుపుతుంటే దొరికింది. అదేమిటో ఆమెకు తెలియక కాదు. అంతటి జెండా అలా నలిగి, అంచున నూనె మరకతో, ఒక మూల చాయ్ మరకతో ఉండటం ఆమె భరించలేకపోయింది. తన కొడుకు ఎగరేసే గుడ్డను చూసి ఊరు 'ఎవడి తల్లో బద్ధకస్తురాలు' అనుకుంటే? నీళ్ళలో వేయగానే సగం ఎరుపు తొట్టిలోకి దిగింది. అదే తొట్టిలో ఉన్న కొడుకు బనియన్లు మూడు గులాబీ రంగుకు తిరిగాయి.

"రంగు కారే గుడ్డ కొన్నారు నాయనా" అంది ఆమె సాయంత్రం. "చూసి తీసుకోవద్దూ? ఎలాగో ఉప్పునీళ్ళలో వేసి ఆపానులే. ఇక కారదు."

కొడుకు గులాబీ బనియన్‌ను రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని చాలాసేపు చూశాడు. "జెండా ఏది?"

జెండా ఉతికి, గంజి పెట్టి, కత్తిలా ఇస్త్రీ చేసి మడత పెట్టి ఉంది. మూల లోపల గుర్తు కూడా ఉంది. ఎర్ర గుడ్డ మీద ఎర్ర దారం ఆనదని తెల్ల దారంతో కుట్టింది. అది కొడుకు చూడలేదు. చూసే తీరిక అతనికి లేదు. తెల్లారితే కోర్టు మిద్దె మీద దాన్ని ఎగరేయాలి.

ఎగరేశారు. కాని అది ఎగరలేదు. గంజి పిన్ని దగ్గర అడిగి తెచ్చిన చిక్కటి గంజి అది. గాలి ఎంత వీచినా జెండా ఒక్క ముడత పడకుండా రేకులా నిలబడింది. కింద జనం తలలెత్తి చూశారు. 'అదేంటి, బోర్డా?' అని ఒకడు, 'ఏదో షాపు పెడుతున్నట్టున్నారు' అని ఇంకొకడు. మామూలు జెండా అయితే కర్రకు చుట్టుకుని ఎవరికీ కనపడకుండా పోయేదేమో. ఇది నాలుగు వీధుల అవతలికి కూడా కనపడింది. పోలీసులకూ కనపడింది.

ఆ పూటే ఇన్‌స్పెక్టర్ జెండాను చంకలో పెట్టుకుని లాండ్రీకి వచ్చాడు. మూల తిప్పి తెల్ల దారం చూపించాడు.

"ఇది మీ లాండ్రీ కుట్టే కదా? ఏ ఇంటిదిది?"

మేస్త్రీ వంగి చూశాడు. "మాదే సార్. ఏ ఇంటిదో మాత్రం ఈ ఆడవాళ్ళకే తెలియాలి."

బల్లల దగ్గర ఉన్నవాళ్ళంతా ఆ గుర్తు చూశారు. చూసిన వాళ్ళంతా గుర్తుపట్టారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు గుర్తులమ్మ చెయ్యి తన మెడ దగ్గరికి వెళ్ళింది. పై వీధి టైలరు కొడుకును ఇలాగే ఒక అనుమానం మీద పట్టుకెళ్ళారు. వాళ్ళమ్మ ఇంకా స్టేషను గేటు దగ్గరే కూర్చుంటోంది. తన కొడుకు ఒంటి మీది చొక్కా, మంచం మీది దుప్పటి, మూడు గులాబీ బనియన్లు, వాడి స్నేహితుల కాలర్లు అన్నీ ఆమె కళ్ళ ముందు వరసగా తీగ మీద వేలాడాయి. ప్రతి దాని మీదా ఆమె చేతి కుట్టే. పోలీసులు వెతకాల్సిన పనేం లేదు, కాలర్లు తిప్పితే చాలు. కొడుకును తనే కుట్టి, మడత పెట్టి, ఇన్‌స్పెక్టర్ చేతికి ఇచ్చింది.

"ఆ జెండా..." అని ఆమె నోరు తెరిచింది.

గంజి పిన్ని వెనక నుంచి తొడపాశం పెట్టింది. "అయ్యా, ఇలాంటివి చాలా ఉంటాయి" అంది ఆమె ఇన్‌స్పెక్టర్‌తో. "వెతికి చెప్పాలి. మధ్యాహ్నం భోజనాలయ్యాక రండి."

"వస్తాను. వచ్చి ఒక్కో గుడ్డా నేనే తిప్పి చూస్తాను. తర్వాత మీ ఇళ్ళల్లో గుడ్డలు కూడా. ఈ గుర్తు ఎవరి ఇంట్లో ఉంటే వాళ్ళే" అని ఆయన వెళ్ళిపోయాడు.

భోజనాల గంట కొట్టారు. మేస్త్రీ ఆఫీసు గదిలోకి పోయి కునుకు తీశాడు. గుర్తులమ్మ డబ్బా తెరవలేదు. చీర మీద తొడుక్కున్న పని చొక్కా తీసి, దాని మెడ కుట్టును పళ్ళతో కొరికి విప్పబోయింది. కాలర్ చిరిగింది గాని దారం రాలేదు.

"ఇంత గట్టిగా ఎవరు కుట్టమన్నారే నిన్ను?" అంది గంజి పిన్ని.

"ఊడిపోతే మళ్ళీ దొంగనంటారని."

బొగ్గు కుప్ప పక్కన నేల చూపులు చూసినవాళ్ళలో చాలామంది ఇంకా అక్కడే పనిచేస్తున్నారు.

గుర్తులమ్మ చిరిగిన కాలర్ వైపు చూసింది. తర్వాత అరల నిండా డెలివరీకి సిద్ధంగా ఉన్న బట్టల దొంతరల వైపు చూసింది. "పీకితే రాదు పిన్నీ" అంది నెమ్మదిగా. "అయితే కుట్టేద్దాం."

"ఏది?"

"అన్నీ."

పక్కన ఇంకో గుర్తు కుడితే గుట్టు బయటపడుతుంది. అందుకని పాత గుర్తు మీదే పొడుపులు వేశారు. చుక్కలను కలిపి ఇంటూలు చేశారు, నిచ్చెన మెట్లను ఇంటూలుగా, గీతగా మలిచారు. కాళ్ళు చాపుకుని కూర్చుని, ఒకరు కాలర్ తిప్పితే ఒకరు కుట్టారు. ఆస్పత్రి దుప్పట్లు అయ్యాయి, జడ్జి గారి కోట్లు అయ్యాయి. యజమాని గారి పైజామాలు దొరికినప్పుడు నువ్వంటే నువ్వని పోటీలు పడ్డారు; ఇప్పుడు ఆయన ఇంటి బట్టలకూ గుర్తుండేది, శాలువా పోయాక తెచ్చిన జాగ్రత్త అది. చివర్లో పోలీసు యూనిఫాంల దొంతర మిగిలింది. అందరూ గంజి పిన్ని ముఖం చూశారు.

"చూస్తారేంటి? వాటికి మాత్రం ఏం తక్కువ?" అంది ఆమె.

ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. చేతికందిన మొదటి దుప్పటి తిప్పాడు. రెండు ఇంటూలు, ఒక గీత. ఆయన ముఖం వెలిగింది. "ఆస్పత్రా! నేను అనుకుంటూనే ఉన్నా. అక్కడ కాంపౌండరు చూపు మంచిది కాదు." రెండోది హోటలు బల్లగుడ్డ. అదీ అంతే. ఆయన ముఖంలో వెలుగు కాస్త తగ్గింది. మూడోది జడ్జి గారి కోటు. దాన్ని ఆయన చప్పున మడిచి కిందికి తోశాడు. నాలుగోది నీలి చారల పైజామా.

"ఇదెవరిది?"

"యజమాని గారిది" అన్నారు ఆడవాళ్ళు ఒకే గొంతుతో.

జడ్జిని పట్టుకోలేకపోయిన కోపం ఇన్‌స్పెక్టర్‌కు ఎక్కడో ఒక చోట దిగాలి. యజమానిని పెరట్లోకి పిలిపించాడు. బొగ్గు కుప్ప పక్కన నిలబెట్టి జేబులు తిరగేయించాడు. బూట్లు విప్పించి దులిపించాడు. యజమాని మేజోడుకు బొటనవేలు దగ్గర చిల్లు ఉంది. "ఇదేం పద్ధతి! నేను గౌరవస్తుణ్ణి!" అని ఆయన అరుస్తుంటే పనివాళ్ళు వరసగా నిలబడి ఈసారి నేల చూపులు చూడలేదు.

"భోజనం డబ్బా కూడా చూడండి సార్" అని గంజి పిన్ని సలహా ఇచ్చింది. "కూరలో."

అంతలో ఒక కానిస్టేబుల్ పరుగున వచ్చాడు. అతను నిజాయితీపరుడు, అందుకే ఇంకా కానిస్టేబుల్. "సార్, మన యూనిఫాంలకు కూడా అదే ఉంది. మీ పేరున్న చొక్కాకు కూడా."

ఇన్‌స్పెక్టర్ చొక్కా లాక్కుని చూశాడు.

గుర్తులమ్మ మాత్రం ఆయన ఒంటి మీది చొక్కా కాలర్ వైపు చూసింది. అరల్లో ఉన్నవి కుట్టారు సరే, ఆయన ఒంటి మీద ఉన్నదో? అది పోయిన వారం వెళ్ళింది. దాని కాలర్ లోపల ఇన్‌స్పెక్టర్ ఇంటి పాత గుర్తు, ఒక నిచ్చెన, ఇంకా క్షేమంగా ఉంది. ఎవరైనా ఆ మెడ వెనక్కి తొంగి చూస్తే కథ కంచికి వెళ్ళినట్టే.

కానిస్టేబుల్‌కు సరిగ్గా అదే తోచింది. "సార్, మీరిప్పుడు వేసుకున్నదానికి కూడా ఉందేమో చూస్తాను" అని చెయ్యి చాపి ఇన్‌స్పెక్టర్ కాలర్ పట్టుకున్నాడు.

"నా కాలర్ పట్టుకుంటావురా!" అని ఇన్‌స్పెక్టర్ పెట్టిన కేకకు బాయిలర్ దగ్గర ఉన్నవాళ్ళు కూడా బయటికి వచ్చారు. లాండ్రీలో నలభై జతల కళ్ళ ముందు కింది ఉద్యోగి తన మెడ మీద చెయ్యి వేశాడు. దానికి మించిన విప్లవం ఆయన ఉద్యోగంలో చూడలేదు. కానిస్టేబుల్ అటెన్షన్‌లో బిగుసుకుపోయాడు. ఆ తర్వాత ఆ మెడ వైపు చూసే సాహసం ఎవరూ చేయలేదు.

"ఇది ఇంటి గుర్తు కాదు, లాండ్రీ గుర్తు" అని ఇన్‌స్పెక్టర్ చివరికి పరువు కాపాడుకున్నాడు. "ఊళ్ళో ప్రతి గుడ్డకూ ఉంటుంది. ముందే చెప్పి ఏడవచ్చుగా! ఈ జెండా ఎవరు తెచ్చి వేశారు?"

"మాసిన గుడ్డ ఎవరు తెచ్చినా ఉతుకుతామయ్యా" అంది గుర్తులమ్మ. "ఎవరిది, ఎందుకు మాసింది అని అడగం. మీ వాటి గురించి ఎప్పుడైనా అడిగామా?"

ఆయన వెళ్ళిపోయాడు. అసలు సంత ఆ తర్వాత మొదలైంది. అన్నిటి మీదా ఒకే గుర్తు. డెలివరీ బండి ఆగదు. వరుసగా చేతికొచ్చినవి ఎక్కించి పంపేశారు. జడ్జి గారు హోటలు వంటవాడి ప్యాంటు వేసుకుని తీర్పు చెప్పారు. లేచి నిలబడలేక కూర్చునే వాయిదా వేశారు. వంటవాడు నల్ల కోటు వేసుకుని మార్కెట్‌కు వెళితే కూరగాయల వాళ్ళు లేచి దండం పెట్టారట. యజమాని పైజామా ఎవరికి వెళ్ళిందో ఇప్పటికీ తెలియదు. ఆయన ఆడవాళ్ళందరినీ తీసేస్తానని ఎగిరాడు. వీళ్ళను తీసేస్తే ఎవరి బట్ట ఎవరిదో చెప్పేవాళ్ళు ఊళ్ళో ఉండరని మేస్త్రీ చెవిలో ఊదాక కూర్చున్నాడు.

ఈ గండం గడిచినా కొడుకు ఊళ్ళో ఉండటం మంచిది కాదని సంఘం తీర్మానించింది. ఇన్‌స్పెక్టర్ ఎప్పటికైనా చొక్కా విప్పుతాడు కదా. ఎటు వెళ్ళేదీ తల్లికి కూడా చెప్పకూడదన్నారు. బస్సు దగ్గరికి ఆమె బట్టల మూట తెచ్చింది. పట్టపగలు, జనం మధ్య, ఇద్దరూ ఎవరికెవరో అన్నట్టు ఒకే బెంచీకి చెరో చివర కూర్చున్నారు. అలా కూర్చోమన్నది కళ్ళద్దాలు. అలా కూర్చుని ఆమె కొడుకు తల దువ్వబోయింది.

"అమ్మా! విప్లవ జెండాకు లాండ్రీ గుర్తా?" అన్నాడు కొడుకు. చాలా రోజులుగా దాచుకున్న కోపం అది.

"పోకుండా ఉంటుందని కుట్టాను."

"పోతే పోనీ. జెండా ఎవరికీ చెందకూడదు."

"నువ్వు చెప్పే ఆ సమానత్వం మేం ఒక పూట తెచ్చి చూశాం నాయనా. మంచిదే. ఆయన జేబులు తిరగేస్తుంటే కడుపు నిండింది. కాకపోతే ప్యాంట్లు మాత్రం ఎవరి కొలత వాళ్ళకు ఉండాలి. మీ వాళ్ళకు చెప్పు."

కొడుకుకు నవ్వు ఆగలేదు. నవ్వుతూనే మూట విప్పి పై చొక్కా తీశాడు. అతని వేళ్ళు వాటంతటవే కాలర్ లోపలికి వెళ్ళాయి. ఏమీ తగల్లేదు. రెండోది తీశాడు. మూడోది. బనియన్లు గులాబీ రంగులోనే ఉన్నాయి గాని వాటి మీది కుట్టు లేదు. ఉన్న చోట గుడ్డను కత్తిరించి అతుకు వేసింది. చిన్నప్పటి నుంచి అతని ఒంటి మీద ఆ కుట్టు లేని బట్ట ఒక్కటి కూడా లేదు. ఇన్నాళ్ళూ అది మెడ వెనక గీరుకుంటోందని విసుక్కునేవాడు. అతను చొక్కా కాలర్‌ను తిప్పి తిప్పి చూస్తూ ఉండిపోయాడు. బస్సు హారన్ కొట్టింది.

"వెతక్కు, పెట్టలేదు" అంది ఆమె మూటను మళ్ళీ ముడి వేస్తూ. "గుర్తు లేని బట్ట ఎక్కడికీ పోదురా. అరలో పడి ఉంటుంది. ఇంటివాళ్ళు వచ్చి 'ఇది మాదే' అనాలి, అంతే. నేనొచ్చి అంటాను. ఈలోపు కాలర్ మాత్రం రుద్దుకుని ఉతుక్కో."